తొమ్మిది పాఠాల అప్పగింతలు

ఇర్వింగ్‌లో శశికళ ఇంటి ఫ్రిజ్‌కి బొట్టుంది. వీధి తలుపుకి ఉంది, భోజనాల బల్లకి ఉంది, దాని చుట్టూ ఉన్న నాలుగు కుర్చీలకీ ఉంది. చెంచాలకీ, కారు తాళంచెవికీ కూడా ఉంది. మంచానికి లేదు, కత్తికి లేదు, పళ్ళేలకి లేదు. చూసినవాళ్ళంతా ఇదేదో వ్రతం తాలూకు వ్యవహారం అనుకున్నారు. వ్రతమూ కాదు, పాడూ కాదు. అది కాటలాన్ వ్యాకరణం.

ఆ భాషలో ప్రతి వస్తువూ ఆడదో మగదో అయి తీరాలట. బల్ల ఆడది, పళ్ళెం మగది. ఎందుకూ అని అడిగితే పుస్తకం దగ్గర జవాబు లేదు, గుర్తుపెట్టుకో అంటుంది. ఎలా గుర్తుపెట్టుకోవడం? శశికళ అలమారలో వెతికితే పాత స్టిక్కర్ బొట్ల ప్యాకెట్లు ఎనిమిది దొరికాయి, ఎర్రవి, పెద్దవి. భర్త కృష్ణమోహన్ పోయాక చిన్న నల్ల చుక్కతో సరిపెట్టుకుంటోంది, ఇవి అలాగే పడున్నాయి. ఆడ వస్తువులన్నిటికీ తలా ఒకటి అంటించేసింది. ఒక్కరోజులో ఇల్లంతా పేరంటంలా తయారయింది.

యాభై ఏడేళ్ళ మనిషికి ఇప్పుడీ చదువేమిటి అంటారా, చెప్తాను.

శశికళకు ఒక్కతే కూతురు, ఇషిత. పుట్టింది, పెరిగింది ఇక్కడే టెక్సస్‌లో. తండ్రి పోయిన ఈ ఏడేళ్ళూ ఆ ఇంట్లో తల్లీ కూతురే. పోట్లాడుకున్నా ఇద్దరే, రాజీపడ్డా ఇద్దరే. లాస్ కోలినాస్‌లో ఇషిత పనిచేసే ఆఫీసుకి రెండేళ్ళ ప్రాజెక్ట్ మీద ఓరియోల్ అనే కుర్రాడొచ్చాడు. స్పెయిన్‌లో ఓ మూల కాటలోనియా, అందులో బన్యోలెస్ అనే చిన్న ఊరు వాళ్ళది. మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు గోంగూర పచ్చడి తిని, కళ్ళవెంట నీళ్ళు కారుస్తూ, మళ్ళీ వేయించుకున్నాడు. ఆ పూటే శశికళ మెత్తబడిపోయింది. ఇప్పుడు ప్రాజెక్ట్ అయిపోయింది. పెళ్ళయిన వారానికి ఇద్దరూ ఆ ఊరికే వెళ్ళిపోతారు.

అక్కడ ఉండేది ఓరియోల్ తల్లి నూరియా. బడిలో పిల్లలకి వంటచేసే ఉద్యోగం. మొగుడు ఎప్పుడో వదిలేసి పోతే కొడుకుని ఒంటిచేత్తో పెంచింది. ఇంగ్లీషు హలో దగ్గర మొదలై థాంక్యూ దగ్గర ఆగిపోతుంది. రేపు తన పిల్లకి జ్వరమొచ్చినా, కోపమొచ్చినా, ఎదురుగా ఉండేది ఆవిడే. ఆవిడతో శశికళ ఒక్క ముక్క మాట్లాడలేదు.

తెలుగు పెళ్ళిలో అప్పగింతలంటూ ఒకటుంది కదా. పిల్ల చేతులు పాలలో ముంచి, అత్తగారి చేతుల్లో పెట్టి, తల్లి తన నోటితో చెప్పుకునే ఘడియ. కన్యాదానానికి పీటల మీద తమ్ముడు రవికుమార్, మరదలు రేణు కూర్చుంటారని శశికళే తేల్చేసింది. నువ్వే కూర్చో అని ఇషిత ఎంత పోట్లాడినా వినలేదు. ఎవరూ వద్దనకుండానే తనకు తనే వద్దనుకునే ఆడవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, కానీ ఏం చేస్తాం, శశికళ అంతే. అయితే అప్పగింతలు మాత్రం ఎవరికీ వదలదు. అవి తనే చెప్పాలి, నూరియాకి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. మధ్యలో ఇంకొకరు తర్జుమా చేస్తే ఆ మాట తనది కాదు.

"అక్కా, స్పానిష్ నేర్చుకోవచ్చు కదా. ఇక్కడ సగం మందికి వచ్చు, నేర్పేవాళ్ళు బోలెడు. ఆవిడకీ వచ్చట," అన్నాడు రవికుమార్.

"మన ఇంటికొచ్చి ఎవరైనా హిందీలో పలకరిస్తే ఎలా ఉంటుందిరా నీకు? అర్థమవుతుంది. కానీ మనవాళ్ళు పలకరించినట్టుంటుందా?"



అలా తెప్పించింది ఆ సన్నటి పుస్తకం. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి కాటలాన్ తొలి పాఠాలు, మొత్తం తొమ్మిది. ఆ రాసినాయన ఇంగ్లీషువాళ్ళని తలుచుకుని అడుగడుగునా జాలిపడ్డాడు. 'ఇక్కడ నేను దీన్ని ఇష్టపడతాను అనరు, ఇది నాకు నచ్చుతుంది అంటారు, కంగారుపడకండి' అని ఒకచోట రాశాడు. శశికళకు నవ్వొచ్చింది. నాకు నచ్చుతుంది అనక ఇంకేమంటారయ్యా? పెద్దవాళ్ళని ఒకలా, చిన్నవాళ్ళని ఒకలా పిలవాలి, ఇది మీకు వింతగా ఉండవచ్చు అని ఇంకోచోట. వింతేముంది, నువ్వూ మీరూ! ఇంగ్లీషువాళ్ళకి కొరుకుడుపడనివన్నీ తనకి ఇంట్లో మాటల్లా ఉన్నాయి. పుస్తకం సగమయ్యేసరికి ఆ నూరియా అనే మనిషి ఏదో దూరపు చుట్టం అనిపించసాగింది.

చిక్కల్లా తను చదివే పద్ధతితో వచ్చింది. శశికళ తెనాలి దగ్గర బడిలో ఎక్కాలూ శబ్దాలూ వల్లెవేసి పెరిగిన మనిషి. చదవడం అంటే పైకి చదవడం, రావడం అంటే కంఠతా రావడం, ఇంకో మార్గం ఆవిడకి తెలీదు. పొద్దున్నే హైవే ఎక్కిందంటే చాలు, రామః రామౌ రామాః రాగంలో 'సోక్, ఎట్స్, ఎస్, సోమ్, సౌ, సోన్' అని కారంతా మోగించేది. మొదటి పాఠంలో మార్తా అనే ఆవిడా పేరే అనే ఆయనా పలకరించుకుంటారు. ఆ ఇద్దరి మాటలూ తనే చెప్పేది, ప్రశ్న ఒక గొంతుతో, జవాబు ఒక గొంతుతో. అక్కడినుంచి తొమ్మిదో పాఠం దాకా ఆగకుండా అప్పజెప్పేది. ఆఫీసు పార్కింగ్‌లోకి తిరిగేసరికి తొమ్మిదోది అయ్యేది. మధ్యలో ట్రక్కు హారన్ కొట్టి లంకె తెగిందా, మళ్ళీ మార్తా దగ్గర్నుంచి రావలసిందే.

ఒక సాయంత్రం ఆవిడ రాసిపెట్టుకున్న అప్పగింతల కాగితం ఇషిత కంటపడింది.

"అమ్మా, ఇదేంటి? అప్పగింతలా? నాకు వద్దు."

"వద్దంటే ఎలాగే? పెళ్ళన్నాక ఉంటుంది."

"నేను పార్సెలా, హ్యాండోవర్ చెయ్యడానికి? అయామ్ ట్వెంటీ ఎయిట్, అమ్మా! రేణు అత్తయ్య వాళ్ళ సిస్టర్ వెడ్డింగ్ వీడియో చూశాను. 'మా అమ్మాయిని మీకు ఇచ్చేస్తున్నాం, తప్పులు చేస్తే క్షమించండి.' అదే కదా నువ్వు చెప్పేది?"

అక్షరాలా అదే. రెండు వారాలు కూర్చుని కూడబలుక్కుని రాసుకుంది.

"అయితే నన్ను నోరెత్తొద్దంటావు. సరే. మాటాడను. మూల కూర్చుని అక్షింతలు వేసి వస్తాను, చాలా?"

"అలా అన్నానా నేను?"

"ఇంకెలా అంటారు?"

తలుపులు రెండు దడాలుమన్నాయి, ఒకటి కూతురు వేసింది, ఒకటి తల్లి వేసింది. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర ఇషితే ముందు మెత్తబడింది.

"సరే, చెప్పు. నీకు ఇంపార్టెంట్ అని నాకు తెలుసు. బట్ ఇస్తున్నాం అనొద్దు. నా తరఫున సారీ చెప్పొద్దు. ఓకేనా?"

శశికళ తల ఊపింది. ఆఫీసులో లంచ్ టైంలో కాగితం తీసి, ఇవ్వడాలూ క్షమించమనడాలూ కొట్టేసింది. కొట్టేశాక చూస్తే కాగితం మీద మిగిలింది 'మా అమ్మాయి' అన్న మాటొక్కటే. ఆ మాట వంక చాలాసేపు చూసింది. చూసీ చూసీ, తొమ్మిది పాఠాల్లో తనకి వచ్చిన ముక్కలతోనే దాని కింద నాలుగు వాక్యాలు రాసింది. అవి ఎవరికీ చూపించలేదు. మర్నాటినుంచి హైవే మీద తొమ్మిదో పాఠం చివర వాటినీ తగిలించి అప్పజెప్పడం మొదలుపెట్టింది.

పెళ్ళికి పదిరోజుల ముందు నూరియా వచ్చింది. పొట్టిగా, గట్టిగా, జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుని ఉంది. రావడం రావడం శశికళని రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకుంది. శశికళ ఉక్కిరిబిక్కిరై "రండి వదినగారూ" అనేసింది. అంతే, ఆ రోజునుంచి వదినగారూ అంటే నూరియా పలికేది.

ఇంట్లోకి వచ్చాక వదినగారు తలుపు మీది బొట్టు చూసింది. కుర్చీ మీదిది చూసింది. చెంచా ఎత్తి చూసింది, పళ్ళెం తిప్పి చూసింది. ఒక్క నిమిషం ఆలోచించి, నడుం మీద చేతులు పెట్టుకుని పకపకా నవ్వింది. వస్తువు వస్తువునీ వేలితో చూపిస్తూ, పేరు పైకి చెప్తూ ఇల్లంతా తిరిగింది. శశికళ పరీక్షాధికారి వెనక విద్యార్థిలా తిరిగింది. సోఫా దగ్గర నూరియా ఆగింది. వేలు అడ్డంగా ఊపి, దాని బొట్టు గోటితో మెల్లిగా ఊడదీసి, అటూ ఇటూ చూసి, శశికళ మరిచిపోయిన కిటికీకి అంటించింది. అంత హాయిగా తప్పు దిద్దినవాళ్ళు శశికళకు జన్మలో ఎదురుపడలేదు.

కానీ మాట మాత్రం కలవలేదు. నూరియా అడిగేవి పాఠాల వరసలో ఉంటేగా! పొద్దున లేచి, నిద్ర పట్టిందా అన్నట్టు ఏదో అడిగేది. ఆ జవాబు ఆరో పాఠంలో ఉందని శశికళకు తెలుసు. మనసులో మార్తా దగ్గర మొదలుపెట్టి గబగబా ఆరో పాఠానికి చేరేసరికి నూరియా కాఫీ తాగడం పూర్తయి, కప్పు కడగడం కూడా అయిపోయేది. తొమ్మిది రోజులు వంటింట్లో ఒకరి పక్కన ఒకరు నిలబడి ఉల్లిపాయలు తరిగారు, పెసరట్లు తిప్పారు, సైగలతో నవ్వుకున్నారు. శశికళ నోట్లోంచి పేర్లు తప్ప ఒక్క పూర్తి వాక్యం రాలేదు.

"వదినా, పోనీ ఓరియోల్‌తో చెప్పిద్దామా?" అంది రేణు.

"నేనే చెప్తాను," అంది శశికళ. 

పెళ్ళి జూన్ నెలలో, శనివారం పొద్దున. తలంబ్రాలయ్యాయి, ఫోటోలయ్యాయి. అప్పగింతలకి వెండిపళ్ళెంలో పాలు పోసి తెచ్చారు. ఇషిత ఎర్రంచు తెల్లచీరలో, మొహం కొంచెం బిగించుకుని కూర్చుంది. పక్కన పట్టుపంచెలో ఓరియోల్. ఎదురుగా రేణు కట్టిన కంచిపట్టు చీరలో నూరియా వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది, ఇక్కడ ఏం జరుగుతుందో కొడుకు ముందే చెప్పి ఉంచాడు. శశికళ కూతురి చేతులు పాలలో ముంచి ఆవిడ చేతుల్లో పెట్టింది. పంతులుగారు మైకు దగ్గరికి జరిపారు.

"ఊ, చెప్పండమ్మా."

శశికళకు ఒక్క ముక్క గుర్తురాలేదు. కూతురి చేతులు చల్లగా ఉన్నాయి, పాలు మోచేతుల దాకా కారుతున్నాయి, రెండువందల మంది చూస్తున్నారు. ఆ నాలుగు వాక్యాల కోసం ఎంత తడుముకున్నా చేతికి ఏమీ తగల్లేదు.

"అమ్మా, ఇట్స్ ఓకే," అంది ఇషిత నెమ్మదిగా.

ఎక్కడ ఓకే! ఇది తప్పితే ఇంకెప్పుడు? శశికళ కళ్ళు గట్టిగా మూసుకుంది. తెనాలి బడి ఏం నేర్పిందో అదే ఆదుకుంది. హైవే మీది రాగంలో నోరు దానంతటది మొదలుపెట్టేసింది.

"బోన్ దియా. ఎమ్ దిక్ మార్తా. ఈ తు, కోమ్ ఎత్ దియుస్?"

శుభోదయం, నా పేరు మార్తా, నీ పేరేమిటి అని. తొమ్మిది రోజులు ఇంట్లో పెసరట్టు తిన్న వియ్యపురాలిని, నిండు పెళ్ళిలో, మైకులో! ఊరినుంచి వచ్చిన ఓరియోల్ స్నేహితులు నలుగురు ఒక్కసారి ఘొల్లుమన్నారు. సంగతేమిటని వాళ్ళని అడిగి తెలుసుకుని మనవాళ్ళు వెనకనుంచి అందుకున్నారు. ఇషిత తల వంచేసింది, భుజాలు అదురుతున్నాయి. శశికళ కళ్ళు తెరిచింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

నూరియా మాత్రం నవ్వలేదు. బడిలో పిల్ల లేచి నిలబడి పాఠం అప్పజెప్తుంటే ఎలా చూస్తారో అలా చూసి, "ఎమ్ దిక్ నూరియా," అని బుద్ధిగా జవాబు చెప్పింది. ఆపైన, కానీ అన్నట్టు గడ్డం ఎత్తింది.

మార్తా తర్వాత ఆ పేరే అనే ఆయన చెప్పవలసిన మాట నూరియా చెప్పేసింది. అంటే ఇప్పుడు రెండో ప్రశ్న. శశికళ గొంతు సవరించుకుంది. నువ్వు ఏ ఊరినుంచి? బన్యోలెస్ నుంచి అంది నూరియా. నీకు అన్నదమ్ములున్నారా? ఒక చెల్లెలుంది. ఈరోజు చలిగా ఉందా? నూరియా తల తిప్పి, అద్దాల బయట పార్కింగ్‌లో మాడిపోతున్న కార్లని చూసి, లేదు అంది. హాలంతా మళ్ళీ నవ్వింది. ఈసారి శశికళ కూడా నవ్వింది. పొద్దున ఏం తింటావు? "పెసరట్టు!" అంది నూరియా. చప్పట్లు పడ్డాయి. పంతులుగారు ముహూర్తం ఎలాగూ దాటిపోయిందని పీట మీద సర్దుకు కూర్చున్నారు.

అలా పాఠం తర్వాత పాఠం, ఒకరు అడుగుతూ ఒకరు చెబుతూ, తొమ్మిదో దానికి వచ్చారు. కుటుంబం గురించి. అందులో మార్తా నాకొక కూతురుంది అంటుంది.

"తింక్ ఊనా ఫిల్యా," అంది శశికళ. అనగానే గొంతు మారిపోయింది. ఆ మాట ఇంక మార్తాది కాదు. దాని వెనకే కాగితం మీది నాలుగు వాక్యాలూ ఒకటొకటిగా నడిచి వచ్చాయి. చిన్నపిల్లలు మాట్లాడేలాంటి వాక్యాలు, అంతకంటే పెద్దవి ఆవిడకి రావు.

నా కూతురి పేరు ఇషిత. ఆకలి వేస్తే ఆమెకి కోపం వస్తుంది. భయం వేస్తే నవ్వుతుంది. నేను బాగున్నాను అని ఆమె అంటే, ఆమె బాగాలేదు.

నవ్వులు ఎప్పుడాగాయో ఎవరికీ తెలీదు. ఓరియోల్ దగ్గర నేర్చుకున్న ఇషితకి ఆ భాష తల్లికంటే బాగా వచ్చు, అక్షరం పొల్లుపోకుండా అర్థమయింది. ఇవ్వడం లేదు, క్షమించమనడం లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు కనిపెట్టి చూసిందంతా చెప్పింది, అంతే. ఆ పిల్ల బిగబట్టుకున్న మొహం కాస్తా కరిగిపోయి వెక్కివెక్కి ఏడ్చింది. ఓరియోల్ ఏం చేయాలో తోచక ఉత్తరీయం అందించాడు.

నూరియా పేరు తర్వాతి మూడు వాక్యాలకీ మూడుసార్లు తలాడించింది, వంట కొలతలు గుర్తుపెట్టుకుంటున్నట్టు. తర్వాత శశికళ కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"ఈ తు? కోమ్ ఎస్తాస్?"

నువ్వో? నువ్వెలా ఉన్నావు? ఏ పుస్తకంలోనైనా ఉండే ప్రశ్నే.

"మోల్ బే," అంది శశికళ ఠక్కున. చాలా బాగున్నాను. కంఠతా వచ్చిన జవాబు.

నూరియా తల అడ్డంగా ఊపింది. తొందరేం లేదన్నట్టు కూర్చుంది. పేరే ఏమన్నాడో, మార్తా ఏమందో, శశికళకు ఒక్కటీ సాయం రాలేదు. కంఠతా వచ్చినదంతా అయిపోయింది. ఎక్కడెక్కడి ముక్కలో ఏరుకుని, కూర్చుకుని, పాఠాల్లో లేని వాక్యం ఒకటి జీవితంలో మొదటిసారి తనంతట తను చెప్పింది.

"నో ఎస్తిక్ బే."

బాగాలేను.

అప్పుడు నూరియా ఏ శాస్త్రంలోనూ లేని పని చేసింది. శశికళ రెండు చేతులూ పట్టుకుని, పళ్ళెంలో పాలలో ముంచి, తీసుకెళ్ళి ఇషిత చేతుల్లో, ఓరియోల్ చేతుల్లో పెట్టింది. శశికళకు ప్రతి మాటా అర్థమయ్యేలా, నెమ్మదిగా, విడివిడిగా చెప్పింది.

"ఈమె శశికళ. ఈమె అందరికంటే ఆఖరున తింటుంది. నిలబడి తింటుంది. తిన్నావా అని అడిగితే, తిన్నాను అంటుంది."

తొమ్మిది రోజులు పక్కన నిలబడి ఉల్లిపాయలు తరుగుతూ ఇదా ఈ మనిషి చూస్తున్నది! శశికళ అక్కడే కూలబడింది. తల్లి చేతులు ఇషిత వదల్లేదు, తనూ పట్టుచీరతో ఆ పాలలోనే కింద కూర్చుంది. పంతులుగారికి దీనికి మంత్రమేదీ దొరకలేదు. మైకు పక్కన పెట్టి, అందరి మీదా కలిపి అక్షింతలు వేశారు.

"అమ్మా," అంది ఇషిత ముక్కు ఎగబీలుస్తూ, "పొద్దున్నించీ ఏమన్నా తిన్నావా?"

తిన్నానే అనడానికి శశికళ నోరు తెరిచింది. కూతురి మొహం చూసి ఆగింది.

"లేదే," అంది.